60 ఫ్రేముల వీడియోను 25కు దించితే కుదుపు వస్తోంది: నాణ్యత పోకుండా మార్చే దారి ఉందా?

కౌశిక గట్టు (అంబాజీపేట)

సభ్యులందరికీ నమస్కారం. కనుమ నాడు మా జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థం (అలంకరించిన ఎత్తయిన వెదురు ప్రభలను ఊళ్ల నుంచి మోసుకొచ్చే జాతర) మీద ఊరి కుర్రవాళ్లం కలిసి గంట నిడివి గల వీడియో ఒకటి తయారుచేస్తున్నాం. ఎడిటింగు బాధ్యత నా మీద పడింది. నేను పగలంతా కొబ్బరి వ్యాపారంలో ఉండి రాత్రిపూట మాత్రమే కంప్యూటరు ముందు కూర్చునేవాణ్ణి కనుక, ప్రశ్నలో తెలియనితనం ఉంటే మన్నించండి.

మా దగ్గరున్న సరుకు నాలుగు రకాలు. అద్దెకు తెచ్చిన పెద్ద కెమెరాతో తీసినది సెకనుకు 59.94 ఫ్రేములలో, అంటే దాదాపు 60 బొమ్మలలో, ఉంది. డ్రోనుతో తీసినది 29.97లో ఉంది. ఫోన్లతో తీసిన క్లిప్పులు 30 అని చెప్పుకుంటున్నాయి గాని, వివరాలు తెరిచి చూస్తే ఒకదానిలో 29.6, మరొకదానిలో 27.4 కనిపిస్తోంది. ఇవిగాక 2003లో మా పెదనాన్నగారు మినీ డీవీ క్యాసెట్టులో తీసిన నలభై నిమిషాల తీర్థం ఉంది. అందులోంచి నాలుగు నిమిషాలు వాడుకోవాలని ఆశ.

మన దేశానిది పాల్ పద్ధతి, అంటే 25 ఫ్రేములు, అని ఎప్పటినుంచో విన్నాను కనుక 25 ఫ్రేముల టైమ్‌లైను పెట్టుకుని అన్నీ అందులోనే పేర్చాను. గంగలకుర్రు ప్రభ ఎగువ కౌశిక కాలువలోకి దిగే షాటు మా వీడియోకు ప్రాణం. మోసేవాళ్లు నీళ్లలో నడుస్తుంటే కెమెరా వారితోపాటు ఎడమ నుంచి కుడికి తిరుగుతుంది. సరిగ్గా అక్కడ, వెనకనున్న కొబ్బరిచెట్ల వరుస సాఫీగా జరగకుండా, గతుకుల రోడ్డు మీద ఆటోలోంచి చూసినట్టు తడబడుతూ పోతోంది. ఫ్రేమ్ బ్లెండింగ్ (పక్కపక్క ఫ్రేములను ఒకదానిలో ఒకటి కలిపేయడం) పెడితే కుదుపు కొంత తగ్గింది గాని ఒక్కో చెట్టుకు రెండేసి మొవ్వులు మొలిచాయి. నాణ్యత ఏమాత్రం పోకుండా 60ని 25గా మార్చే సాఫ్ట్‌వేరు ఏదైనా ఉంటే చెప్పగలరు. ఫోను క్లిప్పులలో మాట, పెదవి కలవకపోవడం ఇంకో బాధ, దాని సంగతీ చూడాలి.

సున్నా కుదుపు (భీమవరం)

కౌశిక గట్టు గారూ, మీకు కనిపిస్తున్నది సాఫ్ట్‌వేరు లోపం కాదు, భాగహారం. 60ని 25తో భాగిస్తే 2.4 వస్తుంది. ఫ్రేమును ముక్కలు చేయడం కుదరదు కనుక మీ ప్రోగ్రాము ఒకసారి రెండు ఫ్రేములు, ఇంకోసారి మూడు ఫ్రేములు ముందుకు దూకుతూ లెక్క సరిపెడుతుంది. వరుసగా రాస్తే 2, 2, 3, 2, 3 అవుతుంది, అంటే 12 పాత ఫ్రేముల స్థానంలో 5 కొత్త ఫ్రేములు. కెమెరా ముందు 33 మిల్లీసెకన్లలో జరిగిన కదలికకూ, 50 మిల్లీసెకన్లలో జరిగిన కదలికకూ తెర మీద ఒకే 40 మిల్లీసెకన్లు దక్కుతాయి. మనుషులు అటూ ఇటూ కదిలే గుంపులో ఇది ఎవరికీ పట్టదు. కెమెరా ఒకే వేగంతో పక్కకు తిరిగే పాన్‌లో, అందులోనూ నిటారుగా నిలబడిన కొబ్బరి మానుల మీద, కన్ను వెంటనే పట్టేస్తుంది.

ఇక "నాణ్యత పోకుండా" అన్న మాట. ఫ్రేమ్ రేటు మార్చేటప్పుడు మనం కాపాడుకోవాలనుకునేవి మూడున్నాయి: కెమెరా తీసిన ఫ్రేములు తీసినట్టే ఉండటం, జరిగినంత కాలమే తెర మీదా జరగడం, కదలిక సాఫీగా ఉండటం. పాత సంఖ్య కొత్త సంఖ్యతో నిశ్శేషంగా భాగింపబడినప్పుడో, కొత్తది పాతదానికి సరిగ్గా రెట్టింపో మూడింతలో అయినప్పుడో తప్ప ఈ మూడూ ఒకేసారి దక్కవు. వేగం మారడానికి ఒప్పుకుంటే ఫ్రేములూ సాఫీతనమూ మిగులుతాయి. 24 ఫ్రేముల సినిమాను 25లో నడిపించి టీవీలో వేసినప్పుడు జరిగేది ఇదే. గంట సినిమా 57 నిమిషాల 36 సెకన్లలో ముగుస్తుంది, బొమ్మకు ఏమీ కాదు, కాని శబ్దాన్ని విడిగా సవరించకపోతే రెండు శ్రుతిలో వాయించిన సన్నాయి రెండున్నరకు దగ్గరగా వినిపిస్తుంది. ఫ్రేములను పారేయడానికో, రెండేసిసార్లు చూపడానికో ఒప్పుకుంటే కాలం మిగులుతుంది గాని సాఫీతనం పోతుంది. లేని ఫ్రేములను కల్పించుకుంటే కాలమూ సాఫీతనమూ మిగులుతాయి గాని, తెర మీద కనిపించేది కెమెరా చూసినది కాదు.

కనుక ముందు ఒక్క సంగతి చెప్పండి. మిమ్మల్ని 25 ఎవరు అడిగారు?

కౌశిక గట్టు (అంబాజీపేట)

నిజం చెప్పాలంటే, మొదట ఎవరూ అడగలేదండి. వీడియో మూడు చోట్లకు వెళుతుంది. తీర్థం ముందు రోజు రాత్రి గుడి దగ్గర ఎల్ఈడీ తెర మీద గంట వీడియో వేస్తాం, ఆ తరువాత అదే యూట్యూబులో పెడతాం. స్థానిక కేబులు ఛానలు ఒకటి ఇరవై నిమిషాల కుదింపు ప్రతి అడిగింది. ఆ ప్రతి మాత్రం 25 ఫ్రేములు, ఇంటర్‌లేస్ పద్ధతిలో (ఒక్కో ఫ్రేమును ఒకటి విడిచి ఒకటి గీతలున్న రెండు అరబొమ్మలుగా విడదీసి) ఉండాలన్నారు. గంటలో సుమారు నలభై రెండు నిమిషాలు పెద్ద కెమెరావి, ఎనిమిది నిమిషాలు డ్రోనువి, ఆరు నిమిషాలు ఫోన్లవి, నాలుగు నిమిషాలు పాత టేపువి.

సున్నా కుదుపు (భీమవరం)

అయితే మీ గంట వీడియోకు 25తో సంబంధమే లేదు. 59.94 ఫ్రేముల టైమ్‌లైను పెట్టండి. పెద్ద కెమెరా ఫుటేజి ఉన్నదున్నట్టు కూర్చుంటుంది. డ్రోను 29.97 దానికి సరిగ్గా సగం కనుక ప్రతి ఫ్రేము రెండుసార్లు పడుతుంది, కుదుపు రాదు. అంటే అరవై నిమిషాలలో యాభై నిమిషాలకు మార్పిడి అన్న మాటే లేదు. మన తల నొప్పి మిగిలిన పది నిమిషాలకే పరిమితమవుతుంది. యూట్యూబు 60 ఫ్రేములు తీసుకుంటుంది, చూసేవాళ్ల ఫోన్లూ మానిటర్లూ చాలావరకు 60 హెర్ట్జ్‌వే, అంటే సెకనుకు 60సార్లు బొమ్మ మార్చేవే. నిజానికి 25 ఫ్రేముల వీడియోను 60 హెర్ట్జ్ తెర మీద వేస్తే, మీరు ఇంట్లో పడ్డ 2, 3 పాట్లే ఆ తెర మళ్లీ పడుతుంది.

ఒక జాగ్రత్త. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగు ప్రోగ్రాము వాడుతుంటే ప్రాజెక్టు మొదట్లోనే టైమ్‌లైను రేటు ఎంచుకోవాలి. క్లిప్పులు చేర్చాక ప్రాజెక్టు సెట్టింగులలో ఆ సంఖ్య మారదు. మీరు ఇప్పటికే 25లో చేసిన కటింగు వృథా కాదు గాని, కొత్త టైమ్‌లైనులోకి తెచ్చాక ప్రతి అతుకూ ఒకసారి చూసుకోవలసి వస్తుంది.

గణితం మేష్టారు (తణుకు)

చర్చలో 60, 59.94 అన్న రెండు సంఖ్యలూ ఒకటే అన్నట్టు దొర్లుతున్నాయి కనుక, పాఠం చెప్పే పాడు అలవాటును ఆపుకోలేక రాస్తున్నాను.

సినిమాకు 24 అన్నది 1920ల చివర, తెరకు మాట వచ్చిన రోజులలో స్థిరపడింది. టీవీ వచ్చేసరికి ఇంట్లో కరెంటుతో లంకె పడింది. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్న దేశాలు సెకనుకు 50 అరబొమ్మలు, అంటే 25 ఫ్రేములు, తీసుకున్నాయి. 60 హెర్ట్జ్ అమెరికా 30 తీసుకుంది. మన దూరదర్శన్ 1982లో రంగులలోకి మారినప్పుడు పాల్ పద్ధతినే అనుసరించింది. అమెరికాలో 1953లో రంగు ప్రమాణం ఖరారు చేసేటప్పుడు, కొత్తగా చేర్చిన రంగు సంకేతానికీ అప్పటికే ఉన్న శబ్ద సంకేతానికీ మధ్య రాపిడి పుట్టి తెర మీద గీతలు పడకుండా, శబ్ద వాహకమైన 45 లక్షల హెర్ట్జ్‌ను 286తో భాగించి సెకనుకు 15,734.27 గీతలు అన్న లెక్క పెట్టుకున్నారు. దాన్ని ఒక్కో ఫ్రేముకు ఉండే 525 గీతలతో భాగిస్తే 29.97 వస్తుంది. అసలు భిన్నం 30,000 బై 1001. నలుపు తెలుపు టీవీలు పారేయకుండా రంగు తేవడానికి పడిన ఆ తిప్పలు, డెబ్బై ఏళ్లు దాటినా అంబాజీపేటలో అద్దె కెమెరా లోపల కూర్చున్నాయి.

దీనివల్ల మనకు వచ్చే చిక్కు చిన్నదే గాని నిడివి పెరిగినకొద్దీ బయటపడుతుంది. 29.97ను ఎవరైనా 30 అని పొరపాటున గుర్తు వేస్తే గంటకు 3.6 సెకన్లు తేడా వస్తుంది; ఇరవై నిమిషాల హరికథలో చివరకు వచ్చేసరికి చిడతల చప్పుడు ఒక సెకను పైగా పక్కకు జరుగుతుంది. అదే, నిజమైన 30 ఫ్రేముల క్లిప్పును 29.97 టైమ్‌లైనులో మామూలుగా పెడితే దాదాపు 33 సెకన్లకు ఒక్క ఫ్రేము రాలుతుంది. దాన్ని ఎవరూ కనిపెట్టలేరు. మొదటిది తప్పు, రెండోది సర్దుబాటు.

రేవు పంటు (సఖినేటిపల్లి)

ఫోను క్లిప్పుల సంగతి నేను చెబుతాను, ఎందుకంటే రెండేళ్ల క్రితం నరసాపురం రేవులో పంటు మీద తీసిన ఇంటర్వ్యూ ఒకటి ఇలాగే నా చేత కన్నీళ్లు పెట్టించింది. ఫోను గడియారం పెట్టుకుని సమానంగా ఫ్రేములు తీయదు. వెలుతురు తగ్గితే ఒక్కో ఫ్రేముకు ఎక్కువసేపు కన్ను తెరిచి ఉంచాలి కనుక రేటు తనంతట తాను తగ్గించుకుంటుంది, వేడెక్కినా తడబడుతుంది. ప్రతి ఫ్రేము మీద అది ఎప్పుడు తీసినదో కాలముద్ర ఉంటుంది. ఆ ముద్రలను గౌరవించే ప్లేయరులో వీడియో సరిగానే కనిపిస్తుంది. ముద్రలు పట్టించుకోకుండా సగటు తీసుకుని సమానంగా పేర్చే ఎడిటింగు ప్రోగ్రాములో మాత్రం మాట ఒక దారి, పెదవి ఒక దారి అవుతాయి. మీకు కనిపించిన 27.4 ఆ సగటే.

మందు ఏమిటంటే, ఎడిటింగులోకి తేకముందే క్లిప్పును స్థిరమైన రేటుకు మార్చుకోవడం. ముందుగా ఫైలు వివరాలు చూపే మీడియాఇన్‌ఫోలో తెరిచి, ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర వేరియబుల్ (మారుతూ ఉండేది) అని ఉందేమో చూడండి. ఉంటే వీడియోలను మార్చే హ్యాండ్‌బ్రేక్ ప్రోగ్రాములో 29.97 ఎంచుకుని, దాని కిందనే ఉన్న కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ గుర్తు పెట్టండి. ఆ గుర్తు మరిచిపోతే మార్చీ మార్చనట్టే. నాణ్యత సంఖ్య 16 దగ్గర పెట్టండి, ఫైలు బరువెక్కినా ఇది మధ్యలో వాడే ప్రతి కనుక పరవాలేదు. శబ్దాన్ని ముట్టుకోకుండా అలాగే దాటవేయండి. మార్చాక ఎవరైనా చప్పట్లు కొట్టిన చోట ఒకటి మొదట్లో, ఒకటి చివర్లో చూసుకుంటే చాలు, మధ్యలో అంతా సరిగ్గా ఉన్నట్టే.

వేదిక నిర్వాహకులు

ఏ సాఫ్ట్‌వేరు గొప్పది అన్న వాదన రెండు వ్యాఖ్యలను ఇక్కడి నుంచి తొలగించాం. దానికి వేరే చర్చ ఉంది, అక్కడ కొనసాగించగలరు.

పాత టేపుల పెట్టె (రాజమహేంద్రవరం)

నా పని పాత క్యాసెట్టులను కంప్యూటరులోకి ఎక్కించడం. కౌశిక గట్టు గారూ, ఆ టేపును మీరు ఎలా ఎక్కించారో చెప్పలేదు, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. మినీ డీవీ టేపు మీద ఉన్నది అంకెలే. పాత కెమెరాను ఫైర్‌వైర్ తీగతో కలిపి ఎక్కిస్తే ఆ అంకెలు ఒక్కటీ మారకుండా ఫైలుగా వస్తాయి, గంటకు సుమారు 13 జీబీ అవుతుంది. మూడు రంగుల పిన్నులున్న తీగతో, యూఎస్‌బీ పుల్ల ఒకటి గుచ్చి ఎక్కిస్తే మాత్రం అంకెలు ఒకసారి విద్యుత్ తరంగంగా మారి, మళ్లీ అంకెలై, మళ్లీ కుదింపబడి వస్తాయి. దుకాణాలలో చాలామంది చేసేది ఈ రెండోదే. మీ ఫైలు నలభై నిమిషాలకు ఒకటి రెండు జీబీలే ఉంటే, టేపు పట్టుకుని మళ్లీ మొదలుపెట్టమనే చెబుతాను.

రెండో సంగతి. ఆ టేపులో సెకనుకు 25 ఫ్రేములు ఉన్నాయని రాసి ఉంటుంది, కాని కదలిక 50 సార్లు నమోదై ఉంది. ఒక ఫ్రేములో ఉన్న 576 గీతలలో సరి గీతలు ఒక క్షణానివి, బేసి గీతలు సెకనులో యాభయ్యో వంతు తరువాతివి. వాటిని కలిపేసి 25 పూర్తి ఫ్రేములుగా చేసేవాళ్లు సగం కదలికను చేజేతులా పారేసుకుంటున్నారు. ఒక్కో అరబొమ్మ నుంచి ఒక్కో పూర్తి ఫ్రేము తయారుచేయించి 50 ఫ్రేములు తీసుకోవాలి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రాములో బీడబ్ల్యూడిఫ్ అనే ఫిల్టరు ఈ పని శుభ్రంగా చేస్తుంది. ఓపిక ఉంటే ఇదే పని చేసే క్యూటీజీఎంసీ ఇంకా బాగుంటుంది, గంటల తరబడి నడుస్తుంది. డీవీలో కింది గీతల, అంటే సరి గీతల, వంతు ముందు వస్తుంది, ఈ వరుస తప్పుగా చెబితే నడిచే మనిషి ప్రతి అడుగుకూ వెనక్కి లాగినట్టు వణుకుతాడు. మీ పెదనాన్నగారి వీడియోలో అలాంటి వణుకు కనిపిస్తే అది వారి చేతిది కాదు, ఈ వరుసది.

ఇలా తెచ్చిన 50ని 59.94కు తీసుకెళ్లడానికి కొన్ని ఫ్రేములను కల్పించక తప్పదు. నాలుగు నిమిషాలే కనుక, ఆ పని తరువాత రాసేవాళ్లకు వదిలేస్తున్నాను. మరొక్కటి, బొమ్మను తెర నిండా సాగదీయకండి. 4:3 నిష్పత్తిలోనే 1440 బై 1080కి పెంచి, రెండు పక్కలా నలుపు వదలండి. సాగదీసిన ప్రభ లావెక్కి కనిపిస్తుంది.

లేసు అల్లిక (నరసాపురం)

కల్పించడం అనగానే సున్నా కుదుపు గారు ఏదో దొంగసరుకు అన్నట్టు మాట్లాడతారు గాని, అన్నయ్యగారూ, అది ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చెడుతుంది అన్నది తెలిసి వాడుకుంటే దానంత ఉపకారి లేదు. నేను వంటల వీడియోలు చేస్తాను. ఆత్రేయపురంలో పూతరేకులు తీయడం 25 ఫ్రేములలో తీసి, తరువాత దాన్ని సగం వేగానికి దించవలసి వచ్చింది. పిండి నీళ్లలో ముంచిన గుడ్డను బోర్లించిన కుండ మీద ఒక్క విసురు విసిరితే రెప్పపాటులో రేకు కట్టుకుంటుంది కదా, ఆ విసురు నిదానంగా కనబడాలి. ఆప్టికల్ ఫ్లో పెట్టాను. అంటే, రెండు ఫ్రేములను పక్కపక్కన పెట్టుకుని, ఈ చుక్క ఇక్కడి నుంచి అక్కడికి జరిగింది అని ప్రతి చుక్కకూ దారి గీసి, ఆ దారి మధ్యలో ఉన్న బొమ్మను కంప్యూటరు ఊహించి గీస్తుంది.

కుండ బాగా వచ్చింది. ఆవిడ మోచేయి, గాజులు కూడా బాగానే వచ్చాయి. గుడ్డ అంచు మాత్రం జిగురులా సాగింది, ఎందుకంటే ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ మధ్య ఆ గుడ్డ కుండ మీద జానెడు దూరం జరిగిపోయింది. అంత దూరానికి దారి ఎలా గీయాలో దానికి తెలియలేదు. పొగ ఉడుకుతున్నట్టు కదిలింది. అన్నిటికన్నా ఘోరం, రేకును గోటితో లేపే క్షణంలో వేలి కొన రేకులో కరిగిపోయి, మళ్లీ తరువాతి ఫ్రేములో మొలిచింది. వేలి వెనక దాగి ఉన్నదాన్ని అది చూడలేదు కనుక ఏదో ఒకటి అతికించింది. ఆ ఫ్రేములు మూడు చేత్తో తీసేసి పక్కవాటిని నిలబెట్టాను.

దీని నుంచి మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. నా మూలం 25, మీ మూలం 60. మీ దగ్గర రెండు ఫ్రేముల మధ్య ప్రభ జరిగే దూరం వేలెడంత కూడా ఉండదు. దూరం తక్కువైనకొద్దీ ఊహ నిజానికి దగ్గరవుతుంది. అందుకే 25ను 60 చేయడం కన్నా 60ని 50 చేయడం ఎంతో క్షేమం. మీ కేబులు ప్రతికి ఇదే దారి. ముందుగా 59.94 నుంచి 50 ఫ్రేములకు ఆప్టికల్ ఫ్లోతో తేవాలి, ఆ 50ని అరబొమ్మలుగా విడదీసి 25 ఇంటర్‌లేస్‌గా బయటకు తీయాలి. వారు అడిగింది పేరుకు 25 అయినా కదలికకు 50 గదులు ఉన్నాయి, వాటిని ఖాళీగా వదిలేయకండి.

సున్నా కుదుపు (భీమవరం)

లేసు అల్లిక గారు చెప్పిన 50 దారిని ఒప్పుకుంటున్నాను. 25 పూర్తి ఫ్రేములకు దించడం కన్నా అది అన్నివిధాలా మేలు, నేనే ముందు చెప్పవలసింది. అయితే ఇరవై నిమిషాలకూ కలిపి ఒకే నొక్కుతో ఆప్టికల్ ఫ్లో పెట్టవద్దు. ప్రభ మీద వరుసగా కట్టిన రంగుదారాలు చూడండి. ఒకేలా ఉన్న గీతలు పక్కపక్కనే ఉన్నప్పుడు, ఏ గీత ఏ గీతగా జరిగిందో తేల్చుకోలేక కంప్యూటరు దారాలను అలలా ఊపుతుంది. కొబ్బరి మట్టల ఆకులతోనూ అదే తంటా. బాణసంచా మెరుపు ఒకే ఫ్రేములో ఉంటుంది, పక్క ఫ్రేములో చీకటి. వాటి మధ్య ఊహించిన ఫ్రేములో సగం వెలిగిన ముఖాలు వస్తాయి, అలాంటి వెలుగు అక్కడ ఎప్పుడూ లేదు. కెమెరా కదలకుండా ఉన్న షాట్లకు, ఇంటర్వ్యూలకు, మామూలుగా ఫ్రేములు వదిలేసే పద్ధతే చాలు. పాన్ ఉన్న షాట్లకు ఆప్టికల్ ఫ్లో పెట్టండి. బాణసంచాకు ఏమీ పెట్టకండి.

డ్రోను షాట్లకు ఇంకో చిట్కా. వాటికి సొంత శబ్దం లేదు, ఎలాగూ డోలు, సన్నాయి వేస్తారు. కేబులు ప్రతిలో వాటిని ఉన్న ఫ్రేములు ఉన్నట్టే 25లో నడిపించండి. షాటు 1.2 రెట్లు పొడవవుతుంది, పైనుంచి చూసే పొలాలు కాస్త నిదానిస్తాయి, ఒక్క ఫ్రేము పోదు, ఒక్క ఫ్రేము కల్పన కాదు. పెద్ద కెమెరాలోనూ నిదానంగా చూపదలచిన క్షణం ఉంటే 60ని అలాగే 25లో నడిపిస్తే 2.4 రెట్లు సాగుతుంది. మీరు మొదట అడిగిన "ఏమాత్రం పోకుండా" అన్నది ఇక్కడ మాత్రమే అక్షరాలా సాధ్యం.

గణితం మేష్టారు (తణుకు)

ఒక చిన్న చేర్పు. ప్రతిసారీ మార్చి, దాచి, మళ్లీ తెరిచి మార్చితే ఫ్రేమ్ రేటు వల్ల పోయేదానికన్నా మళ్లీ మళ్లీ కుదించడం వల్ల పోయేదే ఎక్కువ. మధ్యలో దాచే ప్రతులను నాణ్యత పెద్దగా పోని ప్రోరెస్‌లోనో, డీఎన్ఎక్స్‌హెచ్ఆర్‌లోనో ఉంచి, హెచ్.264 కుదింపు చివర ఒక్కసారే చేయండి. డిస్కు నిండుతుంది, నిండనివ్వండి.

కౌశిక గట్టు (అంబాజీపేట)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పది రోజులు ఆలస్యంగా రాస్తున్నాను, ధర బాగుందని కొబ్బరి లోడ్లు ఆగలేదు.

59.94 టైమ్‌లైనులోకి మార్చిన మరుక్షణం కౌశిక షాటులో చెట్లు నూనె రాసినట్టు సాగిపోయాయి. నేను మూడు రాత్రులు వెతికిన సాఫ్ట్‌వేరు అవసరమే లేకపోయింది. ఫోను క్లిప్పులు పదకొండింటిలో తొమ్మిది వేరియబుల్ అని తేలాయి. హ్యాండ్‌బ్రేక్‌లో స్థిరం చేశాక ఎనిమిదింటిలో మాట కుదిరింది. తొమ్మిదోదానిలో మాత్రం శబ్దం మొదటి నుంచీ ఒకే కొలతలో వెనకబడి ఉంది, దాన్ని చేత్తో ఐదు ఫ్రేములు జరిపాను.

టేపు విషయంలో పాత టేపుల పెట్టె గారి అనుమానమే నిజమైంది. పట్టణంలో ఒక దుకాణంలో ఇచ్చి ఎక్కించిన ఫైలు ఒకటిన్నర జీబీ ఉంది, పైగా వణుకు ఉంది. బంధువుల ఇంట్లో అటక మీద పాత కెమెరా, ఫైర్‌వైర్ ఉన్న పాత ల్యాప్‌టాప్ దొరికాయి. మళ్లీ ఎక్కిస్తే నలభై నిమిషాలకు తొమ్మిది జీబీల దాకా వచ్చింది. బీడబ్ల్యూడిఫ్‌తో 50 చేసి, రిజాల్వ్‌లో ఆప్టికల్ ఫ్లోతో 59.94 చేశాను. నాలుగు నిమిషాలలో రెండు చోట్ల మాత్రమే చెడింది. రెండూ జనం మీద పూలు చల్లే క్షణాలే, బంతిపూలు గాలిలో తోకలు మొలిచినట్టు సాగాయి. అక్కడ కల్పన తీసేసి ఫ్రేములు రెండోసారి చూపే పద్ధతికి మార్చితే, చేతి కెమెరా ఊపులో కుదుపు ఎవరికీ కనబడలేదు.

కేబులు ప్రతిలో ఇరవై ఎనిమిది షాట్లు ఉన్నాయి. ఆరు పాన్‌లకు ఆప్టికల్ ఫ్లో, నాలుగు డ్రోను షాట్లకు నిదానం, మిగతా వాటికి మామూలు పద్ధతి పెట్టాను. ప్రభ దారాలు ఒకచోట అలలాడాయి, అచ్చం చెప్పినట్టే. ఆ షాటు తీసేసి ఇంకోటి పెట్టాను.

ఒక సందేహం మిగిలింది. సాయంత్రం గుడి దగ్గర ట్యూబులైట్ల కింద పెద్ద కెమెరాతో తీసిన వాటిలో వెలుగు కొట్టుకుంటోంది. ఇది కూడా రేటు మార్పిడి వల్ల వచ్చినదేనా?

గణితం మేష్టారు (తణుకు)

కాదు, అది తీసేటప్పుడే వచ్చింది. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక ఆ దీపాలు సెకనుకు వందసార్లు వెలిగి తగ్గుతాయి. షట్టరు (ఒక్కో ఫ్రేముకు కెమెరా కన్ను తెరిచి ఉంచే సమయం) సెకనులో 1/120 పెట్టి ఉంటారు, ఒక్కో ఫ్రేముకు ఒక్కో మోతాదు వెలుగు అందింది. 1/100 లేదా 1/50 పెడితే ప్రతి ఫ్రేములోనూ నిండు వెలుగు పడుతుంది. 60 ఫ్రేములలో 1/50 కుదరదు కనుక రాత్రిపూట 1/100 పెట్టమని కెమెరా వాళ్లకు చెప్పండి. ఇప్పటి షాట్లకు రిజాల్వ్ స్టూడియోలో ఈ కొట్టుకోవడాన్ని తగ్గించే డీఫ్లికర్ ఉంది, కొంత మేలు చేస్తుంది.

రేవు పంటు (సఖినేటిపల్లి)

ఎల్ఈడీ తెర వాళ్ల ల్యాప్‌టాప్ నుంచి వేస్తారా, మీదే తీసుకెళతారా? ఏదైనా, దాని డిస్‌ప్లే సెట్టింగులలో బయటకు వెళ్లేది 60 హెర్ట్జ్ అని ఉందో లేదో ముందే చూడండి. 50 అని ఉంటే మీరు పడిన శ్రమంతా ఆ తీగలోనే మళ్లీ కుదుపవుతుంది.

కౌశిక గట్టు (అంబాజీపేట)

నిన్న సాయంత్రం వెళ్లి చూశానండి, 50 అనే ఉంది. 60కి మార్పించి, కౌశిక షాటు రెండుసార్లు వేయించి చూసుకున్నాను. కేబులు ప్రతి రేపు పొద్దున్న ఇచ్చేస్తున్నాను.